నోరు విప్పని ఎనిమిదో తరగతి: జపాన్ స్కూల్లో ఒక అసిస్టెంట్ టీచర్ కేస్ స్టడీ

ఈ కేసు 2023 ఏప్రిల్‌లో మొదలై 2024 మార్చిలో ముగిసింది. జపాన్‌లో విద్యా సంవత్సరం అలాగే ఉంటుంది. టోక్యోకి ఉత్తరాన సైతామా ప్రిఫెక్చర్, తకసాకి రైలు లైను మీద ఒక చిన్న పట్టణం, అందులో మున్సిపాలిటీ నడిపే జూనియర్ హైస్కూల్. తరగతి రెండో ఏడాది, అంటే మన లెక్కలో ఎనిమిది. పిల్లలు 36 మంది. నేను అక్కడ ఏఎల్‌టీని, అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్‌ని. స్కూలు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. పిల్లల వివరాలు కొన్ని మార్చాను.

సమస్య చెప్పుకోవడానికి చిన్నదే. ఈ పిల్లలు ఇంగ్లీష్ రాస్తారు, చదువుతారు, విని అర్థం చేసుకుంటారు. ఒక్కరిని లేపి మాట్లాడమంటే మాత్రం బెల్లం కొట్టిన రాళ్లే. ఇక్కడికి ఇంగ్లీష్ చెప్పడానికి వచ్చినవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే ఇది చూసి, "జపాన్ వాళ్లు మొహమాటస్తులు, వాళ్ల పద్ధతే అంత" అని తేల్చేసి రోజులు వెళ్లదీస్తారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. మొహమాటం మనిషిలో ఉండేదైతే అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. ఈ పిల్లలు మెట్ల మీద, గ్రౌండ్‌లో, భోజనాల దగ్గర ఇల్లు పీకి పందిరేస్తారు. ఇంగ్లీష్ పీరియడ్‌లోనే ఎందుకు ఆగిపోతున్నారు, ఎవరి ముందు ఆగిపోతున్నారు అన్నది చూడటమే ఈ కేసు.

ఉద్యోగం సంగతి

ముందు ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే తర్వాతి సంగతులు అర్థం కావు. విదేశీయుల్ని ప్రభుత్వ స్కూళ్లకి తెచ్చే జెట్ ప్రోగ్రామ్ 1987లో మొదలైంది. దానితో పాటు, స్థానిక విద్యాశాఖ నేరుగా ఉద్యోగం ఇవ్వడం, డిస్పాచ్ కంపెనీ ద్వారా మనుషుల్ని తెప్పించుకోవడం కూడా ఉన్నాయి. నాది ఆ మూడో రకం. జీతం కంపెనీది, పని స్కూలుది. ఆగస్టులో సెలవులని ఆ నెల జీతం కోస్తారు. ఇంటి ఓనర్ మాత్రం అద్దె కొయ్యడు. వీసా కోసం, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు కనీసం 12 ఏళ్లు ఇంగ్లీష్‌లో చదివినట్టు చూపించాలి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలకి తోడు మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్లు కావాలి. ఈలోగా మూతబడిన మా ఇంటర్ కాలేజీ రికార్డుల కోసం నాన్న తిరిగిన తిరుగుడు ఇంకో వ్యాసానికి సరిపోతుంది.

జపాన్ టీచర్ లైసెన్స్ లేని ఏఎల్‌టీ క్లాసుని ఒంటరిగా నడపకూడదు. లైసెన్స్ ఉన్న జపనీస్ ఇంగ్లీష్ టీచర్, అంటే జేటీఈ, క్లాసులో ఉండాలి. పాఠం ఆవిడది, మార్కులు ఆవిడవి, తల్లిదండ్రులకి జవాబు చెప్పాల్సిందీ ఆవిడే. చాలా క్లాసుల్లో ఏఎల్‌టీ పని టెక్స్ట్‌బుక్ గట్టిగా చదివి పిల్లల చేత పలికించడం. హ్యూమన్ టేప్ రికార్డర్ అని మాలో మేం అనుకునే మాట. ఇక్కడ పద్ధతి మార్చడం నా చేతిలో పని కాదు, అడగడం వరకే నా వంతు. కాబట్టి ఈ కేసులో సగం పిల్లల గురించి, సగం ఆవిడని ఎలా అడిగాను అన్నదాని గురించి.

రోజు ఇలా గడుస్తుంది. ఉదయం 8 ప్రాంతంలో వాకిట్లో బయటి చెప్పులు విడిచి, అరలో పెట్టుకున్న లోపలి బూట్లు వేసుకుంటాను. స్టాఫ్‌రూమ్ తలుపు తియ్యగానే "ఒహాయో గొజైమాస్" అని వినబడేట్టు అనాలి. ఎవరూ తలెత్తకపోయినా అనాలి. తర్వాత ఉదయం మీటింగ్, నాలుగు ముక్కల్లో అయిపోతుంది. నా డెస్కు రిసో ప్రింటింగ్ మిషన్ పక్కన. మొదట్లో ఆ చప్పుడు చిరాకేసేది గానీ, వర్క్‌షీట్లు తీసుకోవడానికి స్కూల్లోని టీచర్లంతా అక్కడికి రావాల్సిందే కాబట్టి తర్వాత అదే నాకు కలిసొచ్చింది. పీరియడ్ 50 నిమిషాలు. బెల్లు కొట్టగానే డ్యూటీలో ఉన్న పిల్లవాడు "కిరిత్సు" అంటాడు, అందరూ లేచి వంగి నమస్కారం పెడతారు.

నాలుగో పీరియడ్ అయ్యాక భోజనం, క్లాసులోనే. తెల్ల కోట్లు, టోపీలు వేసుకున్న పిల్లలే గిన్నెలు మోసుకొచ్చి వడ్డిస్తారు. 200 మిల్లీలీటర్ల పాల డబ్బా రోజూ ఉంటుంది, పక్కన అన్నమున్నా సరే. నెల మెనూ ముందే ఇస్తారు కాబట్టి గొడ్డు మాంసం ఉన్న రోజులకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఆ రోజు నా డబ్బా నేను తెచ్చుకుంటాను. భోజనం తర్వాత అందరూ ఊడ్చి తుడవాలి. గదులు, మెట్లు, బాత్‌రూములు, అన్నీ పిల్లలే. టీచర్లు తలా ఒక చోట నిలబడి చూసుకుంటారు. పని మొత్తం తెమిలేది ఎక్కడ అంటే క్లాసులో కాదు, ఈ భోజనాల దగ్గర, ఈ చీపుర్ల దగ్గర.

పిల్లలు ఎక్కడ ఆగారు

ఏప్రిల్‌లో చూసిన దృశ్యం ఒకటి రాస్తాను. కిటికీ పక్క వరసలో ఒక అబ్బాయిని లేపి "వాట్ ఫుడ్ డూ యూ లైక్?" అని అడిగాను. మాస్క్ పైన కళ్లు నా వైపు చూసి కిందికి దిగాయి. తల ఒక పక్కకి వాల్చాడు. తర్వాత పక్క డెస్కు వైపు తిరిగి జపనీస్‌లో ఏదో గుసగుసలాడాడు. పక్కవాడు ఏదో అన్నాడు. వీడు నిటారుగా నిలబడి "సుషి" అని కూర్చున్నాడు. క్లాసు మొత్తం అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది.

తనకి ఏ తిండి ఇష్టమో పక్కవాడిని అడగాల్సిన పనేముంది? ఇంగ్లీష్ ముక్క కూడా అక్కర్లేదు, ఒక్క మాట చాలు. వాడు కనుక్కున్నది జవాబు గురించి కాదని నా అనుమానం. ఈ గదిలో ఇలా అంటే ఎవరూ నవ్వరు కదా అని హామీ తీసుకున్నాడు.

ఇంకో అబ్బాయి ఉన్నాడు, ప్రైమరీలో కొన్నేళ్లు విదేశంలో చదివొచ్చాడు. కారిడార్‌లో ఎదురైతే నాతో మాట్లాడే ఇంగ్లీష్ గలగలా పారుతుంది. క్లాసులో పాఠం చదవమంటే మాత్రం కావాలనే "ఐ రైకు బేస్‌బోరు" అని కటకానా ఉచ్చారణలోకి, అంటే విదేశీ మాటల్ని రాసే జపనీస్ లిపిలో చదివినట్టు పలకడంలోకి, దిగిపోతాడు. బాగా వచ్చినవాడికీ, రానివాడికీ అడ్డం ఒకటే అయినప్పుడు, ఆ అడ్డం ఇంగ్లీష్ అయ్యుండదు.

యాస గురించి ఒక చిన్న మాట. తెలుగువాళ్లం బస్సు, కప్పు అని చివర అచ్చు తగిలిస్తాం. వీళ్లూ బసు, కప్పు అనే అంటారు. కప్పు అయితే అచ్చం మన కప్పే. బోర్డు మీద రాసి మా నాయనమ్మ కప్పు ఎలా అంటుందో పలికి చూపిస్తే క్లాసు నవ్వింది. ఇంగ్లీష్ టీచర్ అంటే అమెరికా నుంచో, ఇంగ్లండ్ నుంచో రావాలనుకునే గదిలో ఇండియన్ కావడం వల్ల ఉన్న లాభం ఇదొక్కటే అనుకుంటా: ముందు నిలబడ్డ మనిషికీ ఇంగ్లీష్ నేర్చుకుంటేనే వచ్చిందని వాళ్లకి కనబడుతుంది.

ఇక క్రిస్-క్రాస్. ఏఎల్‌టీలందరికీ తెలిసిన వార్మప్ ఆట ఇది. అందరూ నిలబడతారు. చెయ్యెత్తి ప్రశ్నకి జవాబు చెప్పినవాళ్లు నిలువు వరసో, అడ్డ వరసో ఎంచుకుంటారు, ఆ వరస కూర్చుంటుంది. ప్రైమరీ పిల్లలకి ఎంత ఇష్టమో చెప్పలేను. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అదే ఆట చివర్లో నలుగురు పిల్లల్ని 32 మంది ముందు నిలబెట్టే పనిగా మారుతుంది. నేను రాకముందు నుంచీ ఈ క్లాసులో ప్రతి వారం ఇది ఆడిస్తున్నారు. చివర మిగిలేది ఎప్పుడూ ఆ మొహాలే.

2020 బ్యాచ్

స్టాఫ్‌రూమ్‌లో ఈ సెక్షన్ గురించి అడిగితే, "ఈ బ్యాచే నిదానం" అనేవాళ్లు. ఎందుకు నిదానం అన్నదానికి క్యాలెండర్ చూస్తే చాలు. జపాన్‌లో ఐదు, ఆరు తరగతులకి ఇంగ్లీష్ మార్కులుండే సబ్జెక్ట్ అయింది 2020 ఏప్రిల్‌లో, ఏడాదికి 70 పీరియడ్లు. ఈ పిల్లలు ఐదో తరగతిలోకి వచ్చింది సరిగ్గా అదే నెలలో. కోవిడ్ వల్ల అప్పటికే మార్చి నుంచి స్కూళ్లు మూసి ఉన్నాయి, ఏప్రిల్ 7న ఎమర్జెన్సీ ప్రకటించారు. తిరిగి తెరిచాక కూడా మాస్కులు, దూరం దూరంగా డెస్కులు, దగ్గరగా కూర్చుని మాట్లాడే పనులు వద్దు, పాటలు వద్దు. భోజనం అందరూ ముందుకి తిరిగి మౌనంగా తినాలి. మాట్లాడుతూ, పాడుతూ, ఆడుతూ నేర్పడానికి తయారుచేసిన కొత్త సబ్జెక్ట్‌ని, మాట్లాడకూడని గదిలో నేర్చుకున్న మొట్టమొదటి బ్యాచ్ వీళ్లది.

దెబ్బ అక్కడితో ఆగలేదు. 2021లో జూనియర్ హైస్కూల్ సిలబస్ కూడా మారింది. ప్రైమరీలోనే 600 నుంచి 700 మాటలు వచ్చేసి ఉంటాయన్న లెక్కతో ఆరంభం వేగం పెంచారు. అంతకుముందు మూడేళ్లకి 1200 ఉండే మాటలు 1600 నుంచి 1800 అయ్యాయి. హైస్కూల్లో ఉండే వ్యాకరణం కొంత కిందికి దించారు. ప్రైమరీలో నోటితో రావాల్సినవి రాకుండానే వీళ్లు 2022లో ఆ పుస్తకం ముందు కూర్చున్నారు. దాంతో రాసి, చూసి, బట్టీ పట్టి నెగ్గుకొచ్చే దారి పట్టారు. తెలివైన దారే అది. ట్యూషన్ సెంటర్లూ అదే నేర్పుతాయి.

2023 ఏప్రిల్ 1 నుంచి స్కూళ్లలో మాస్క్ తప్పనిసరి కాదన్నారు, మే 8న కోవిడ్‌ని మామూలు ఫ్లూ వర్గంలోకి మార్చారు. ఈ క్లాసులో మాత్రం జూన్ ఉక్కపోతలో కూడా ఎక్కువమంది మాస్క్ తియ్యలేదు. మూడేళ్లుగా ఒకరి మొహం ఒకరు పూర్తిగా చూసుకోకుండా పెరిగిన పిల్లలు అకస్మాత్తుగా తియ్యమంటే తీస్తారా? నోరు కనబడకపోతే నాలుక ఎక్కడ పెట్టాలో నేర్పడం నాకు కష్టం. అయినా ఆ సంగతి నేను ఎత్తలేదు.

భోజనాల దగ్గర దొరికినవి

డెస్కులు కలిపి ఆరుగురు ఒక గుంపుగా కూర్చుని తినడం ఆ ఏడాదే మళ్లీ మొదలైంది. నేను రోజుకో గుంపు దగ్గర కూర్చునేదాన్ని. రెండు సంగతులు అక్కడే బయటపడ్డాయి.

మొదటిది ఎక్కాల వల్ల. ఇండియా వాళ్లకి 19 ఎక్కం దాకా కంఠతా వచ్చని జపాన్‌లో గట్టి నమ్మకం. ఒక రోజు ఒక అబ్బాయి అన్నం గిన్నె పట్టుకునే "సెవెంటీన్... టైమ్స్... ఎయిట్?" అన్నాడు. 136 అన్నాను. పక్కనున్న అమ్మాయి టాబ్లెట్‌లో లెక్కేసి చూసి కెవ్వుమంది. అంతే, వరసపెట్టి అడగడం మొదలుపెట్టారు. ఫోర్టీన్, ఫార్టీ తేడా తెలియక ఒకడు తప్పడిగితే మిగతావాళ్లే సరిదిద్దారు. నా జవాబు అర్థం కాకపోతే "వన్ మోర్ టైమ్" అన్నారు. క్లాసులో నెలల తరబడి రాని మాటలన్నీ ఆ పది నిమిషాల్లో వచ్చాయి. అక్కడ పరీక్ష రాస్తున్నది నేను, అడుగుతున్నది వాళ్లు. తేడా అదొక్కటే.

రెండోది ఒక అమ్మాయి వల్ల. కె అందాం. క్లాసులో నాకు ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఒక మధ్యాహ్నం స్పీకర్‌లో పిల్లల ప్రసార కమిటీ ఆ రోజు మెనూ చదువుతోంది. రేడియో అనౌన్సర్‌లా నెమ్మదైన స్పష్టమైన గొంతు. ఎవరని అడిగితే "మా కె నే" అన్నారు పిల్లలు. స్కూలు మొత్తానికి వినబడేట్టు మాట్లాడుతుంది, 36 మంది ముందు మాట్లాడదు. ప్రసార గదిలో మైకు ఉంటుంది, చూసేవాళ్లు ఉండరు, చేతిలో కాగితం ఉంటుంది, తప్పు పోతే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఈ రెండింటినీ క్లాసులోకి తేవాలి. తేవాలంటే జేటీఈ గారు ఒప్పుకోవాలి.

గోల మధ్య రికార్డింగ్

ఆవిడకి యాభై దాటాయి. గ్రామర్ చెప్తే అలా వినాలనిపిస్తుంది. ఇంకో సెక్షన్‌కి క్లాస్ టీచర్, బాస్కెట్‌బాల్ క్లబ్బు బాధ్యత కూడా ఆవిడదే. శనివారాలు మ్యాచ్‌లు. నా కాంట్రాక్ట్ సాయంత్రం 4:15కి అయిపోతుంది, ఆవిడ కుర్చీలో కూర్చునేది ఆ తర్వాతే. పాఠం గురించి కలిసి మాట్లాడుకోవడానికి టైమ్‌టేబుల్‌లో ఒక్క నిమిషం లేదు. అది ఆవిడ తప్పు కాదు, ఈ దేశంలో టీచర్ ఉద్యోగం అలా ఉంటుంది. క్లీనింగ్ టైములో ఆవిడ ఉత్తరం వైపు మెట్ల దగ్గర ఉంటారని చూసి, నేనూ చీపురు తీసుకుని అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. ఈ కేసులో నిర్ణయాలన్నీ ఆ మెట్ల మీద జరిగాయి.

"సెన్సే, ఈ సెక్షన్‌లో క్రిస్-క్రాస్ బదులు కొన్నాళ్లు ఇంకోటి చేద్దామా?" అని అడిగాను. పిల్లలకి సరదాగా ఉంటుంది కదా అన్నారు. చివర ఎవరు మిగులుతున్నారో వచ్చే వారం ఒకసారి చూడమన్నాను. చూశారు. పీరియడ్ అయ్యాక ఆ నలుగురి పేర్లు ఆవిడే చెప్పారు.

ప్రభుత్వం ప్రతి పిల్లవాడికీ ఒక కంప్యూటర్ ఇచ్చిన పథకం వల్ల వీళ్లందరి దగ్గరా క్రోమ్‌బుక్‌లు ఉన్నాయి. దాంట్లో 30 సెకన్లు మాట్లాడి నాకు పంపడం మొదటి ప్రయత్నం, ఇంటి దగ్గర చేసుకు రావాలి. అందరూ పంపారు, కె కూడా. వింటే మాత్రం తెలిసిపోతుంది, రాసుకుని చదివారు. కొందరు ట్యూషన్ మాస్టారి చేత దిద్దించుకున్నారు కూడా. జేటీఈ గారు రెండు వినగానే "ఇది స్పీకింగ్ కాదు, రీడింగ్" అన్నారు. న్యాయమైన మాటే.

అందుకని రికార్డింగ్‌ని క్లాసులోకి తెచ్చాం. స్క్రీన్ మీద బొమ్మ పడుతుంది: వర్షంలో బస్టాప్, వంటింట్లో తాత, అలాంటివి. మాటలు ఏమీ రాసి ఉండవు. పది సెకన్లు ఆలోచించుకుని 36 మందీ ఒకేసారి మాట్లాడాలి. గది చేపల బజారైపోయింది. పక్క గదిలో లెక్కల మాస్టారు తలుపు తీసి చూసి వెళ్లారు, ఆ తర్వాత మేం కిటికీలు మూసుకుని చేశాం. ఆ గోలలో ఎవరి తప్పు ఎవరికీ వినబడదు, అదే కావాల్సింది. పిల్లలు తమ రికార్డింగ్ తామే విని, నచ్చకపోతే ఇంకొకటి చేసుకోవచ్చు. మొదట్లో అది నాకొక్కదానికే వచ్చేది. వేసవి సెలవులు అయ్యాక, పక్క డెస్కు వాళ్లతో ఒకరిదొకరు వినిపించుకుని ఒక ప్రశ్న అడగాలి అన్నాం. ఆ తర్వాత నలుగురి గుంపు. వినే చెవుల సంఖ్య మెల్లగా పెంచుకుంటూ పోవడం తప్ప ఇందులో పెద్ద కిటుకు ఏమీ లేదు.

మార్కుల పట్టీ

అసలు ముడి ఇక్కడుంది. దీనికి రెండో టర్మ్ సగం దాటేదాకా పట్టింది.

జపాన్ స్కూళ్లలో ప్రతి సబ్జెక్ట్‌నీ మూడు కోణాల్లో తూస్తారు: తెలిసినది, ఆలోచించి చెప్పగలిగినది, నేర్చుకోవాలన్న పట్టుదల. ప్రతిదానికీ ఏ, బీ, సీ. అవన్నీ కలిసి ఐదుకి ఇన్ని అని రిపోర్ట్‌లోకి ఎక్కుతాయి, ఆ అంకెలు హైస్కూల్ అడ్మిషన్ దాకా వెంట వస్తాయి. స్పీకింగ్ టెస్ట్ రెండో కోణంలోకి వస్తుంది. టెస్ట్ కారిడార్‌లో పెడతాం. నేను కుర్చీలో కూర్చుంటాను, పిల్లలు ఒక్కొక్కరే బయటికి వస్తారు, లోపల మిగతావాళ్లు వర్క్‌బుక్ చేసుకుంటుంటారు. అప్పటిదాకా వాడిన పట్టీలో నాలుగు గడులు: వ్యాకరణం, ఉచ్చారణ, గొంతు, చూపు. తప్పుకి ఇంత అని కోత. పిల్లలు ఇంట్లో ఒక పేరా బట్టీ పట్టి వచ్చి, నా నుదుటి మీద చూపు నిలబెట్టి, గట్టిగా అప్పజెప్పి వెళ్లిపోయేవాళ్లు. మధ్యలో నేను ఒక్క ప్రశ్న వేస్తే గొలుసు తెగిపోయేది. మాట్లాడకపోవడం ఆ పట్టీకి సరిగ్గా సరిపోయే ప్రవర్తన. తక్కువ మాట్లాడితే తక్కువ తప్పులు.

నాకు ఎక్కాల ఆట గుర్తుంది. పిల్లలు తిరిగి ప్రశ్న అడిగితే మార్కు, అర్థం కానప్పుడు "వన్ మోర్ టైమ్" అంటే మార్కు ఇద్దామన్నాను. జేటీఈ గారు వెంటనే కాదనలేదు, ఔననలేదు. ఆవిడ ఇబ్బంది తర్వాత తెలిసింది. ఆ ఏడాది గ్రేడ్‌లో నాలుగు సెక్షన్లు, ఇద్దరు జేటీఈలు. ఒక సెక్షన్‌కి ఒక పట్టీ, ఇంకోదానికి ఇంకో పట్టీ అంటే తల్లిదండ్రులు ఊరుకోరు. అందరికీ మార్చాలంటే రెండో జేటీఈ ఒప్పుకోవాలి. ఆయనకి ఏఎల్‌టీ చెప్పిన ఐడియా అని చెప్తే నడవదు.

దారి సిలబస్‌లోనే దొరికింది. ప్రభుత్వ మార్గదర్శకాల్లో మాట్లాడటాన్ని రెండుగా విడదీశారు: ఇద్దరి మధ్య సంభాషణ, ఒక్కరే నిలబడి చెప్పడం. వినడం, చదవడం, రాయడంతో కలిపి ఐదు విభాగాలు. మా టెస్ట్ రెండోదాన్నే చూస్తోంది, మొదటిదానికి రికార్డ్ ఏమీ లేదు. జేటీఈ గారు ఈ మాట పట్టుకుని గ్రేడ్ మీటింగ్‌లో తనే ప్రతిపాదించారు. నేను ఆ మీటింగ్‌లో లేను. మర్నాడు మెట్ల దగ్గర "మూడు గడులకి ఒప్పుకున్నారు" అని మాత్రం చెప్పారు. చెప్పిన విషయం చేరిందా, తిరిగి ప్రశ్న అడిగారా, మాట ఆగినప్పుడు ఏదో ఒకటి చేసి ముందుకెళ్లారా. వ్యాకరణం రాత పరీక్షలో ఎలాగూ చూస్తున్నారు కాబట్టి ఇక్కడ విడిగా కొయ్యరు.

నవంబర్‌లో కారిడార్ చల్లగా ఉంది, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. కె వచ్చింది. బొమ్మలో స్కూల్ భోజనం. మూడు వాక్యాలు చెప్పింది, ఆగింది. ఆ ఆగడంలో పూర్వం అయితే టెస్ట్ అయిపోయేది. మాస్క్ సర్దుకుని, "లెట్ మీ సీ..." అంది. తర్వాత "ఇండియా, స్కూల్ లంచ్... హూ కుక్?" అంది. ప్రభుత్వ స్కూళ్లలో మధ్యాహ్న భోజనం ఆయమ్మలు అక్కడే వండుతారని, గుడ్డు కూడా పెడతారని చెప్పాను. "ఎవ్రీ డే ఎగ్?" అని ఇంకో ప్రశ్న. రోజూ కాదన్నాను. "మిల్క్?" అంది, మొహం చిట్లించి. పాలంటే ఆమెకి పడదని అప్పుడే తెలిసింది. పాత పట్టీ ప్రకారం వ్యాకరణానికి సీ. కొత్త పట్టీలో మూడు గడులకీ ఏ.

ఏం మారింది, ఏం మారలేదు

మూడో టర్మ్‌కి వచ్చేసరికి కారిడార్‌లో ఎక్కువమంది కనీసం ఒక ప్రశ్న అడిగారు. నలుగురి గుంపులో గది సందడిగా ఉంటోంది. విదేశంలో చదివొచ్చిన అబ్బాయి గుంపులో తన అసలు గొంతుతో మాట్లాడుతున్నాడు, పెద్ద క్లాసులో ఇంకా కటకానాయే. జనవరి నుంచి కె, ఇంకో పిల్లవాడు కలిసి మెనూని వారానికోసారి ఇంగ్లీష్‌లో కూడా చదువుతున్నారు. కమిటీ చూసే టీచర్‌ని వాళ్లే వెళ్లి అడిగారట.

అందరికీ కలిపి "ఎనీ వాలంటీర్స్?" అని అడిగితే మాత్రం మళ్లీ నిశ్శబ్దమే. దీన్ని వైఫల్యం కింద రాయడం లేదు. 36 మంది ముందు చెయ్యెత్తడం ఇంగ్లీష్ నైపుణ్యమని నేను అనుకోను. బయటి జీవితంలో ఎవరూ అలా ఇంగ్లీష్ మాట్లాడరు కూడా. ఏఎల్‌టీ ట్రైనింగ్‌లలో మాత్రం ఎనర్జీ, నవ్వులు, పైకి లేచిన చేతులు ఉంటేనే క్లాసు బాగా జరిగినట్టు చూపిస్తారు. ఆ కొలబద్దతో ఈ క్లాసు ఏడాది చివర కూడా ఫెయిలే.

ఒక అబ్బాయి విషయంలో మాత్రం ఏమీ జరగలేదు. రికార్డింగ్‌లు ఖాళీగా వచ్చేవి. సెప్టెంబర్ తర్వాత అసలు స్కూలుకే రావడం మానేశాడు. ఇది ఇంగ్లీష్ పీరియడ్ దాటిన సంగతి. ఇలా స్కూలుకి దూరమైన పిల్లలు ఆ విద్యా సంవత్సరంలో ప్రైమరీ, జూనియర్ హైస్కూల్ కలిపి దేశం మొత్తం మీద 3,46,482 మంది అని ప్రభుత్వం తర్వాత లెక్క చెప్పింది. మా క్లాసులో వాడి డెస్కు మీద వర్క్‌షీట్లు పేరుకునేవి. క్లాస్ టీచర్ వారం వారం వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చేవారు.

ఇంకో చిక్కు ఉంది, అది మా స్కూలు పరిధిలో తీరేది కాదు. పక్కనే టోక్యోలో 2022 నవంబర్ నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకి ఈశాట్-జే అనే స్పీకింగ్ టెస్ట్ పెట్టి, ప్రభుత్వ హైస్కూల్ అడ్మిషన్‌లో 1020కి 20 మార్కులు దానికి ఇస్తున్నారు. దాని చుట్టూ గొడవ చాలానే జరిగింది. సైతామా ప్రవేశ పరీక్షలో లిజనింగ్ ఉంది, స్పీకింగ్ లేదు. తొమ్మిదిలోకి వెళ్లగానే పిల్లలకి, తల్లిదండ్రులకి, టీచర్లకి లెక్క మారిపోతుంది. ఎనిమిదిలో కష్టపడి తెరిచిన నోరు తొమ్మిదిలో ఎవరికీ అవసరం లేకుండా పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

మార్చి చివర్లో టీచర్ల బదిలీల జాబితా వచ్చింది. మా జేటీఈ గారు వేరే ఊరికి వెళ్లిపోయారు. ఇక్కడ ప్రభుత్వ టీచర్లు కొన్నేళ్లకోసారి మారుతూనే ఉంటారు, దానికి ఎవరూ ఆశ్చర్యపోరు. మెట్ల మీద నోటితో కుదుర్చుకున్నవన్నీ ఆవిడతోనే వెళ్లిపోకుండా, ఆఖరి వారంలో ఇద్దరం కూర్చుని మార్కుల పట్టీ, బొమ్మల స్లైడ్లు, రికార్డింగ్ పద్ధతి షేర్డ్ ఫోల్డర్‌లో జపనీస్‌లో రాసి పెట్టాం. ఏడాది మొత్తంలో మేం ఒకే బల్ల దగ్గర కూర్చుని పని చేసింది అప్పుడే.

ఏప్రిల్‌లో కొత్త జేటీఈ వచ్చారు. ముప్పై దాటని మనిషి, ఉత్సాహవంతుడు. ఫోల్డర్ చూశారు. బొమ్మల రికార్డింగ్ కొనసాగిద్దామన్నారు. మూడు గడుల్లో రెండు ఉంచారు, తిరిగి ప్రశ్న అడగడం మాత్రం మొదటి టర్మ్ టెస్ట్ అయ్యాక చూద్దామన్నారు. క్రిస్-క్రాస్ మళ్లీ వచ్చింది, ఆయనకి ఇష్టమైన ఆట అది. పూర్తిగా వద్దనలేదు నేను. ఎనిమిది మంది నిలబడి ఉండగానే ఆపేసి, మిగిలినవాళ్లు ఇద్దరిద్దరుగా కలిసి నన్నే ఒక ప్రశ్న అడిగి కూర్చునేలా మార్చుదామని అడిగాను. సరేనన్నారు.